కుబుసంలో మిగిలిన ఇంటిపేరు

మా జువాలజీ మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను కశింకోట దగ్గర మా హైస్కూల్లో బోర్డు మీద కప్ప గుండె బొమ్మ వేస్తున్నాను. జేబులో ఫోను ఆగకుండా అదురుతుంటే తీసి చూశాను. పాత విద్యార్థుల గ్రూపులో మా క్లాస్‌మేటు పెట్టిన ఒక్క వాక్యం. చదివి ఫోను మళ్లీ జేబులో వేసుకున్నాను. సగం వేసిన బొమ్మని వదిలేసి పోవడం ఆవిడకి ఎప్పుడూ నచ్చేది కాదు. అందుకని మిగతా సగం వేసి, భాగాలన్నిటికీ పేర్లు రాసి, పిల్లల్ని నోట్సులో వేసుకోమని చెప్పి స్టాఫ్‌రూంలోకి వెళ్లి కూర్చున్నాను. ఏడుపు అప్పుడొచ్చింది.

ఆవిడని చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. చూసినవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, వాళ్ల దగ్గర నాకంటే ఎక్కువే ఉంటాయి. అనకాపల్లి డిగ్రీ కాలేజీలో ఆవిడ జువాలజీ చెప్పేవారు. మా ఊరి పేరు చెప్పగానే ఎవరైనా బెల్లం గురించే అడుగుతారు. రైల్లో పక్కసీటు ఆయన కూడా అదే అడుగుతాడు. ఆవిడ మాత్రం ఈ బెల్లం ఊళ్లో కూర్చుని జీవితమంతా సముద్రం గురించే ఆలోచించారు. అది కూడా సముద్రంలో ఈదేవాటి గురించి కాదు, ఒడ్డున ఇసక అడుగున బొరియలు తవ్వుకుని, పుట్టింది మొదలు పోయేదాకా దాదాపు పైకి రాకుండా బతికే ఒక చిన్న జీవి గురించి.

ఆ జీవిని నేను మొదటిసారి చూసింది డిగ్రీ మొదటి ఏడాది ల్యాబులో. స్పిరిట్ పోసిన సీసాలో తెల్లగా, వేలెడంత ఉంది. ఒళ్లంతా మెత్తన. ముందు మాత్రం పీత డెక్కలాంటి డెక్కలు రెండు. వాటిలో ఒకటి మరీ పెద్దది, రెండోది ఉందా లేదా అన్నట్టు. ఇదేమిటో చెప్పమన్నారు. రొయ్య అన్నాను. నవ్వి, "రొయ్యా కాదు, పీతా కాదు. రెండింటికీ చుట్టం. పెళ్లికి పిలవకపోతే మాత్రం ఇద్దరూ ఊరుకోరు," అన్నారు. అప్పటిదాకా సైన్సు మేడంలు నవ్వుతారని నాకు తెలీదు. చెరకు తోటల్లోంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ ఒక్క మాటకి ఆవిడ వెనకాల పడ్డాను.

పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గి తడి ఇసక బయటపడే వేళ చూసుకుని మమ్మల్ని పూడిమడక తీసుకెళ్లేవారు. అచ్యుతాపురం మీదుగా బస్సు. ఇసక మీద చిన్న చిన్న కుప్పలు, ప్రతి కుప్ప నెత్తిన ఒక చిల్లు. ఊరికే చూస్తూ నిలబడితే ఉన్నట్టుండి ఒక చిల్లులోంచి నీళ్లూ ఇసకా కలిసి చిమ్మేవి. కిందనున్నాయన ఇల్లు ఊడుస్తున్నాడు, మనం అడ్డం నిలబడకూడదు, అని పక్కకి జరిపేవారు. పీవీసీ గొట్టంతో చేయించిన చేతి పంపు ఒకటి ఉండేది. దాన్ని చిల్లు మీద పెట్టి లాగితే ఇసకతో పాటు ఒక్కోసారి ఆ జీవి వచ్చేది. బతికున్నదాన్ని అరచేతిలో పెడితే లోపలి గుండె కొట్టుకోవడం పైకి కనిపించేది. పెంకు అంత పలచన. 

ఒకసారి ఫైబర్ పడవలకి చిల్లులు పూడ్చే మేస్త్రీ దగ్గర ఆ పడవలకి వాడే రెజిన్ అడిగి తెచ్చి ఒక బొరియలో పోయించారు. అది లోపల గట్టిపడేదాకా ఆగి, చుట్టూ తవ్వడం మొదలుపెట్టాం. తవ్వుతూనే ఉన్నాం. మోకాళ్ల లోతయింది, నడుం లోతయింది, ఇంకా కిందికే పోతోంది. మెలికలు తిరిగి, మధ్యమధ్య గదుల్లా ఉబ్బి, ఒకచోట రెండుగా చీలి మళ్లీ కలిసింది. పైకి తీసి ఇసక మీద పడుకోబెడితే ఒడ్డున ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. పడవల మేస్త్రీ ముందుకొచ్చి, నా చేతి సీసాలోని జీవి వంకా ఆ పొడుగాటి అచ్చు వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇంతోటి దానికి ఇంతిల్లు ఏటికమ్మా? మాకే నేదు," అన్నాడు.

"అదే నేనూ అడుగుదామనుకుంటన్నాను బాబూ," అన్నారు మేడం.

నిజంగానే అడగడానికి వచ్చినట్టే ఉండేది ఆవిడ పద్ధతి. ఆ అచ్చుని బస్సులో ఎలా తెచ్చామో చెబితే అదో పెద్ద కథ. డబ్బాల్లో సముద్రపు నీళ్లు కూడా తెచ్చేవాళ్లం, ల్యాబులో తొట్టెల కోసం. ఏముందమ్మా వీటిలో అని కండక్టరు అడిగితే, సముద్రం, అని చెప్పి టిక్కెట్టు తీసుకునేవారు. అచ్చు మాత్రం వాళ్లింట్లో ముందుగది గోడకి ఎక్కింది. మేడం భర్త లెక్కల మాస్టారు, మేమందరం సార్ అంటాం. ఆయన మొదట్లో ఇంటికొచ్చిన వాళ్లకి ఇది దేని వేరని చెప్పాలో తెలీక కొంచెం ఇబ్బందిపడ్డారు. తరవాత తరవాత ప్రతి ఆయుధపూజకీ స్కూటరుతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టేవారు.

ఇక ఇంటిపేరు సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా వినాలి, ఎందుకంటే ఆవిడ జీవితంలో పెద్ద సంగతి ఇదే. జంతువులన్నిటికీ శాస్త్రంలో రెండు మాటల పేరు ఉంటుంది. మొదటిమాట ప్రజాతి, రెండోమాట జాతి. ప్రజాతి మన ఇంటిపేరులాంటిది, దగ్గర చుట్టాలందరికీ ఒకటే. మేడం పూడిమడకలో పట్టిన జీవి డెక్క, అప్పటికి తెలిసిన ఏ ఇంటిపేరు వాళ్లతోనూ కలవలేదు. వాళ్లందరికీ పెద్ద డెక్క మొదట్లో ఒక కొక్కెం ఉంటుంది, డెక్క మూస్తే రెండు వేళ్ల మధ్య సందు ఉంటుంది. దీనికి కొక్కెం లేదు, సందూ లేదు, నున్నగా ఉంది. ఏళ్ల తరబడి సీసాలు నింపి, కొలతలు తీసి, బొమ్మలు వేసి, దూరదేశాల పండితులతో వాదించి, ఆఖరికి దీనిది వేరే ఇంటిపేరని ఒప్పించారు. కొత్త ప్రజాతి. దానికి మా ఏటి పేరు పెట్టారు, చివర లాటిన్ తోక తగిలించి. శారద. తను ఈతలాడి పెరిగిన నది పేరు, ఏనాడూ నదిలోకి రాని జీవికి.

ఆ వ్యాసం అచ్చయిన రోజున ల్యాబులో అందరి చేతుల్లోనూ బెల్లం ముక్క పెట్టారు. అటెండరు మొదలు ప్రిన్సిపాల్ దాకా. అప్పటికి నేను ఫైనలియర్లో ఉన్నాను. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఈ జీవుల గురించి రాసినా మా శారద పేరు రాయాల్సిందే కదా అని నాకు ఛాతీ రెండింతలయింది. గొప్పలు మేం పోయాం గాని ఆవిడ పోలేదు. "పేరు పెట్టడానికేముంది నాయనా, ఎవరైనా పెడతారు. పిలిస్తే అది పలకాలి," అన్నారు. అప్పుడు నాకది వినయం కోసం అన్నమాటగానే తోచింది.

నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాలు వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. రిటైరయ్యాక ఆవిడ ముందుగదినే ల్యాబు చేసుకున్నారు. రెండు గాజు పలకల్ని వేలెడు ఎడంతో నిలబెట్టి, మధ్యలో ఇసక నింపి, సముద్రపు నీళ్లు పోసిన పలచని తొట్టె ఒకటి కిటికీ పక్కన ఉండేది. అందులో బొరియ గాజుకి ఆనుకునే ఉంటుంది కాబట్టి లోపల అది ఏం చేస్తున్నదీ కనబడుతుంది. ఇసక మోసుకొస్తుంది, గోడకి మెత్తుతుంది, కాళ్లతో నీళ్లు విసురుకుంటుంది. మేమిద్దరం స్టూళ్లు వేసుకుని క్రికెట్ చూసినట్టు చూసేవాళ్లం. సార్ అల్లం టీ పెట్టి తెచ్చేవారు. అప్పట్లో తొట్టెలో ఉన్నది ఒక చిన్న మగది, శారద ఇంటిపేరుదే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది బొరియ గదిలో పక్కకి ఒరిగి కదలకుండా ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. మేడం నా భుజం పట్టుకుని ఊరుకోమన్నారు. వీపు మీద పెంకు అడ్డంగా చిట్లింది. ఆ చీలికలోంచి అదే ఆకారంలో ఇంకొకటి, తెల్లగా, ఇంకా మెత్తగా, మెల్లగా బయటికి రావడం మొదలుపెట్టింది. కళ్లు వచ్చాయి, పాత కళ్ల తొడుగులు అక్కడే ఉండిపోయాయి. మీసాలు వచ్చాయి. కాళ్లు ఒక్కొక్కటే గ్లవుజులోంచి వేళ్లు లాగినట్టు వచ్చాయి. అన్నిటికంటే కష్టం పెద్ద డెక్క. డెక్క వెడల్పు, దాని మణికట్టు సన్నం. అంత కండా ఆ ఇరుకులోంచి రావాలి. అందుకని అది ముందే డెక్కలోని నీరంతా వెనక్కి లాగేసుకుని, కండని చిక్కబరుచుకుని ఉంటుందని మేడం గొంతు తగ్గించి చెబుతున్నారు.  సార్ చేతిలో టీ కప్పులు అలాగే ఉన్నాయి. డెక్క బయటికొచ్చేసరికి ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలాం.

కుబుసం ఎక్కడా చిరగకుండా పూర్తి ఆకారంతో మిగిలింది. మేడం దాన్ని సన్నటి పట్టకారుతో తీసి గాజు గొట్టంలో వేసి, చీటీ మీద శారద ప్రజాతి పేరు రాసి అంటించారు. బయటికొచ్చినది గట్టిపడడానికి కొన్నాళ్లు పడుతుంది. మళ్లీ ఆదివారం నేను వెళ్లేసరికి ఆవిడ తొట్టె ముందు కూర్చుని ఉన్నారు, పలకరించినా తిరగలేదు. నేనూ వంగి చూశాను. కొత్త డెక్క మొదట్లో కొక్కెం ఉంది. అది డెక్క మూసినప్పుడు రెండు వేళ్ల మధ్య సందు ఉంది. నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. గొట్టంలోని కుబుసం ఒక ప్రజాతి, దానిలోంచి వచ్చి తొట్టెలో తిరుగుతున్నది ఇంకో ప్రజాతి. అంటే ఇన్నేళ్లూ మేం కొత్తదనుకున్నది, ఎప్పటినుంచో తెలిసిన పాత జీవికి చిన్నతనం. ఈ వయసులో ఉన్నవాటి గొడవ అంతకుముందు ఎవరికీ పట్టలేదు. పైగా మా పంపు అంత లోతుకి పోదు. పెద్దవి అడుగు గదుల్లో భద్రంగా కూర్చుంటే, పైపైన తిరిగే కుర్రకారే మా సీసాల్లోకి వచ్చింది.

"ఇంటిపేరు మారిపోయింది నాయనా," అన్నారు. మళ్లీ, "మాకు పెళ్లయితే మారుద్ది. దీనికి ఈడొస్తే మారింది," అని తనలో తనే నవ్వుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. సరిగ్గా అప్పుడే ఆ జీవుల కుటుంబం మొత్తాన్ని తిరగరాసే ఒక పెద్ద పుస్తకం బయటిదేశంలో తయారవుతోంది. అందులో శారదకి ఒక అధ్యాయం ఇస్తామని ఆవిడకి రాశారు కూడా. ఒక్కదాన్ని చూసి ఏం తేల్చేస్తాం, ఇంకో నాలుగు పెంచి చూద్దాం అన్నాను. సరే అని పెంచారు. అవన్నీ అదే పని చేశాయి. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఆవిడ మీదా ఆ రొయ్యకాని రొయ్య మీదా. పుస్తకం రానిద్దాం, ఆ తరవాత చెబుదాం అని వాదించాను. ఎవరికి నష్టం, దీన్ని చూసినది మనమే కదా, సార్‌ని కలుపుకుంటే ముగ్గురం అన్నాను. ఆవిడ తొట్టె వైపు చెయ్యి చూపించారు.

"మనమేటి? అది కూడా ఉంది కదా."

  ఆ వారమే ఆ పుస్తకం వాళ్లకి రాశారు, నేను పెట్టిన ప్రజాతి లేదు, తీసెయ్యండి అని. తరవాత అదే సంగతి చిన్న వ్యాసంగా అచ్చువేయించారు. తన పేరుతో వచ్చినదాన్ని తన పేరుతోనే రద్దు చేశారు. నేను దిగులుగా కూర్చుంటే నన్నే ఓదార్చారు. "పోతే పోయింది. ఒకటే జీవి రెండు ఇంటిపేర్లతో బతకడం ఎవరు చూసేరు చెప్పు? మనం చూసేం," అన్నారు. ఆవిడ ముఖం అప్పుడు బెల్లం పంచిన నాటికంటే వెలిగింది. నేను ఈ చదువుల పనిలో చాలామంది పెద్దవాళ్లని చూశాను, కాని తన ఓటమిని చూసి అంత ఆశ్చర్యంతో మురిసిపోయిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

గొట్టం మీది చీటీ మార్చాలి కదా. కొత్త చీటీ రాయబోతే వద్దన్నారు. పాతపేరు మీద స్కేలు పెట్టి ఒకే ఒక్క గీత గీసి, కింద సరైన పేరు రాశారు. ప్రాక్టికల్ రికార్డుల్లో మా తప్పుల్ని కూడా అలాగే కొట్టేయమనేవారు. ఎవరైనా గిలికి నల్లగా చేస్తే రికార్డు మొహాన కొట్టేవారు. "తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలి. లేపోతే ఎవడో మళ్లీ అదే చేస్తాడు," అనేవారు. ఆ గొట్టం వాళ్లింట్లో దేవుడి అలమారలో కాదు గాని, దాని పక్కనే ఉండేది.

దహనం అయిన మర్నాటి సాయంత్రం నేను మళ్లీ అనకాపల్లిలో ఆటో దిగేసరికి వాళ్ల వీధి మొగలో ఫ్లెక్సీ కట్టేశారు. బెల్లం మార్కెట్లో వ్యాపారం చేసే మా క్లాస్‌మేటు దగ్గరుండి వేయించాడు. మేడం ఫొటో, పక్కన ఇంటర్నెట్టులో దొరికిన ఏదో రొయ్య, కింద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు: "నూతన ప్రజాతిని కనుగొని మన శారదానది పేరు ప్రపంచానికి చాటిన మహోపాధ్యాయినికి అశ్రునివాళి."  మర్నాడు అక్కడే సంస్మరణ సభ. ఊరంతా వస్తుంది. ఆవిడ స్వయంగా కొట్టేసిన మాటని ఆవిడ ఫొటో కింద పెట్టి దండ వేస్తాం. ఊరుకుంటే ఆవిడ చేసిన అతి కష్టమైన పనిని మేమే చెరిపేసినట్టు. నోరు విప్పితే, పోయిన మనిషి పేరుని నలుగురిలో తగ్గించినట్టు.

క్లాస్‌మేటుని పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పాను. వాడు మంచివాడు, మేడం కోసం ఎక్కడెక్కడో తిరిగాడు. అందుకే వాడికి కష్టం కలిగింది.

"ఏటి బావా, పోయినావిడకి ఉన్న ఒక్క గొప్పా తీసేమంటావా? రేపు జనం ఏటనుకుంటారు?" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి.

ఫ్లెక్సీ విప్పేద్దామని ఒకరన్నారు. ఆ లైను మీద తెల్లకాగితం అంటిద్దామని ఇంకొకరు. మా గొడవ విని సార్ బయటికొచ్చారు. అక్షరాలన్నీ చదివారు. లోపలికి వెళ్లిపోతే నొచ్చుకున్నారనుకున్నాం. బోర్డు మీద గీతలకి వాడిన తన పొడుగాటి చెక్క స్కేలు తీసుకుని మళ్లీ వచ్చారు.

"రంగు ఏదైనా దొరుకుద్దా బాబూ?" అని మా క్లాస్‌మేటుని అడిగారు.

వాడు సార్ ముఖంలోకి చూసి బండి తీశాడు. మార్కెట్లో బెల్లం బస్తాల మీద గుర్తులు రాసే నీలంరంగు డబ్బా, బ్రష్షు తెచ్చాడు. సార్ స్టూలెక్కారు. స్టూలు వాడు పట్టుకున్నాడు, స్కేలు రెండో కొస నేను పట్టుకున్నాను.  "నూతన ప్రజాతిని కనుగొని" మొదలు "చాటిన" దాకా, స్కేలు జరుపుకుంటూ, ఒకే ఒక్క గీత. దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, మేడం రికార్డులు దిద్దేటప్పటిలాగా తల పక్కకి వంచి చూశారు. కింద సరైన పేరు రాయమంటారా అని అడిగాను.

"దాని పేరు దానికి తెలుసు. ఈవిడ పేరు మనకి తెలుసు. చాల్లే," అన్నారు.

సభ అయిపోయింది. నేను ఏం మాట్లాడానో నాకే సరిగా గుర్తులేదు. ఆ గాజు గొట్టాన్ని అందరికీ చేతికిచ్చి చూపించాను, అది మాత్రం గుర్తుంది. కుర్చీల వరసల్లో చేతులు మారుతూ వెళ్లి అది భద్రంగా నా దగ్గరికి తిరిగొచ్చింది. పుచ్చుకున్న ప్రతివాళ్లూ ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి కింద ఆనించారు.

మొన్న మళ్లీ ఆ వీధికి వెళ్లాను. ఫ్లెక్సీ ఇంకా తీయలేదు. మా ఊళ్లో మొగకో ఫ్లెక్సీ ఉంటుంది, వాటిని చదివేవాడు లేడు. దీని ముందు మాత్రం బండ్లు నెమ్మదిస్తున్నాయి. పరవాడ కంపెనీ బస్సు దిగి టిఫిన్ డబ్బాతో ఇంటికి పోతున్న ఒకావిడ ఆగి, తల పక్కకి వంచి, ఆ నీలం గీత కొట్టేసిన మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా చదువుతోంది. ఆ గీత ఆవిడకి ఒక్క అక్షరానికి కూడా అడ్డం రాలేదు.